40 వాట్ల ఆంప్ ఫ్లాట్‌లో బాగా పలకాలంటే

అన్నా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. నీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇదీ: అమెరికా నుంచి వస్తూ మీ బావ తన గిటార్ ఆంప్, ట్యూబ్‌లతో (పాత రేడియోల్లోని వాల్వుల్లాంటివి) నడిచే ఫెండర్ హాట్ రాడ్ డీలక్స్ పట్టుకొచ్చి నీకిచ్చాడు. 40 వాట్లు, 12 అంగుళాల స్పీకర్. మియాపూర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్‌లో స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ (మన కరెంటు వోల్టేజీని అమెరికా లెక్కకి దించేది) మీద నడుపుతున్నావు. వాల్యూమ్ 2 దాటితే కింది ఫ్లాటావిడ పైకొచ్చేస్తోంది, ఒకటిన్నర దగ్గర పెడితే రేకు డబ్బాలోంచి వచ్చినట్టు పీలగా వస్తోంది. మాస్టర్ వాల్యూమ్ (మొత్తం సౌండ్ దించే అదనపు నాబ్) వేయించాలా, అటెన్యుయేటర్ (ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పవర్ తినేసే పెట్టె) కొనాలా, వీవీఆర్ (ట్యూబ్‌లకిచ్చే వోల్టేజీ తగ్గించే సర్క్యూట్) పెట్టించాలా అని అడిగావు.

ఈ మూడింట్లో ఏదీ ఇప్పుడే చేయకు. పాతికేళ్లుగా ఈ పెట్టెలు విప్పుతున్నా. పవర్ తగ్గిస్తే సౌండ్ చిన్నదవుతుంది, ట్యూబ్‌లు మాత్రం కచేరీలో లాగే మండుతూ పలుకుతాయి అన్న ఆశతో వచ్చినవాళ్లే ఎక్కువ. లెక్క వేసి చూస్తే ఆ ఆశ ఎక్కడ తేలిపోతుందో తెలుస్తుంది. వాట్లు సగం చేస్తే, అంటే 40ని 20 చేస్తే, తగ్గేది 3 డెసిబెల్స్. తేడా తెలుస్తుంది కానీ కింది ఫ్లాటావిడకి తెలియదు. మన చెవికి సౌండ్ సగమైనట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ తగ్గాలి, అంటే 4 వాట్లకి రావాలి. పైగా గిటార్ స్పీకర్లు భలే చురుకైనవి. చాలావాటికి ఒక్క వాటు ఇస్తే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ మోగుతాయి. రాత్రి ఎనిమిదింటికి ఎవరూ తలుపు కొట్టకుండా వాయించుకోవాలంటే 80 దగ్గర ఉండాలి అనుకో, 100 డెసిబెల్స్ స్పీకర్‌కి అందుకు కావలసింది వాటులో నూరో వంతు. 40 వాట్లని అక్కడికి దించడమంటే నాలుగు వేల రెట్లు తగ్గించడం, 36 డెసిబెల్స్.

కాబట్టి నీ ఆంప్‌లోని రెండు 6ఎల్6 పవర్ ట్యూబ్‌లని ఫుల్‌గా తొక్కినప్పుడు వచ్చే క్రంచ్ (ఆ గరుకు సౌండ్) ఆ ఫ్లాట్‌లో, ఆ వాల్యూమ్‌లో రాదు. ఎవరు ఎంత సోల్డర్ చేసినా రాదు. ఒక వాటు ఆంప్ కొనుక్కుంటే సరిపోతుందిగా అంటారు కొందరు. ఇందాకటి లెక్క చూడు, ఒక వాటుతో వంద డెసిబెల్స్, అది కూడా ఫ్లాట్‌లో పండగ పందిరి మైకే. రాగలిగేది ఏమిటంటే, ముందు దశల్లోని చిన్న ట్యూబ్‌లు (ప్రీఆంప్) హాయిగా పనిచేసే చోట వాటిని పనిచేయనిచ్చి, వాటి తర్వాత సౌండ్ దించి, ఆ దించడంలో చెవి పోగొట్టుకున్నదాన్ని తిరిగి పూడ్చడం. దీనికి ఆంప్ విప్పాల్సిన పనే లేదు.

ముందు 2 దగ్గరే ఎందుకు అంత మోగుతుందో చూద్దాం. నాబ్ మీద అంకెలు వాట్లు కావు. నాబ్ వెనక ఉండే పాట్ (తిప్పితే సిగ్నల్ పెంచి తగ్గించే భాగం) ఎంత తిప్పితే ఎంత సిగ్నల్ వదలాలి అన్నది కంపెనీ వాళ్లు ఎంచుకున్న తీరుని బట్టి ఉంటుంది. ఈ మోడల్ పాత వెర్షన్లలో ఆ తీరు మరీ దూకుడు, మొదటి పావు చుట్టులోనే దాదాపు అంతా వచ్చేస్తుంది. జనం ఎన్నేళ్లో సణిగాక మూడో వెర్షన్‌లో ఫెండర్ వాళ్లే వాల్యూమ్, ట్రెబుల్ పాట్‌ల తీరు మార్చారు. నీది ఏ వెర్షనో వెనక చూడు. ఇంకోటి, మాస్టర్ అని ఒక నాబ్ ఉందే అంటావేమో, అది డ్రైవ్ ఛానెల్‌కే (గరుకు సౌండ్ ఇచ్చేది). క్లీన్ ఛానెల్‌కి ఉన్నది ఆ ఒక్క వాల్యూమే. అందుకే నువ్వు ఒకటికీ రెండుకీ మధ్య వెంట్రుకవాసి తిప్పుతూ తంటాలు పడుతున్నావు.

దీనికి మందు ఆంప్ మీదే ఉంది. నాబ్‌లున్న ప్యానెల్ మీదే ప్రీఆంప్ అవుట్, పవర్ ఆంప్ ఇన్ అని రెండు జాక్‌లు ఉంటాయి, పెడల్స్ పెట్టుకోడానికిచ్చిన లూప్ అది. ఆ రెండింటి మధ్య ఒక చిన్న ఇనప డబ్బాలో ఒకే ఒక్క పాట్ పెట్టు. 100 కిలో ఓమ్‌ల లాగ్ పాట్ (మొదట్లో నిదానంగా పెరిగే రకం), రెండు మోనో జాక్‌లు, అంతే. ప్రీఆంప్ అవుట్ నుంచి వచ్చే వైరు పాట్ మూడో కాలికి, మధ్య కాలు నుంచి పవర్ ఆంప్ ఇన్‌కి వెళ్లే జాక్‌కి, ఒకటో కాలు రెండు జాక్‌ల గ్రౌండ్‌కి. తిరగేసి బిగిస్తే నాబ్ వెనక్కి పనిచేస్తుంది, అంతకు మించి ఏమీ పాడవదు. బ్యాటరీ అక్కర్లేదు. కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క పూటలో సామాన్లన్నీ దొరుకుతాయి, నాలుగైదు వందల్లో తేలిపోతుంది. బయట ఇదే డబ్బాని పేరు పెట్టి వేలల్లో అమ్ముతారు. 500 కిలో ఓమ్‌లదో 1 మెగా ఓమ్ (మెగ్) పాటో ఇస్తానంటే వద్దను, పాట్ విలువ పెరిగేకొద్దీ కేబుల్ కెపాసిటెన్స్ ట్రెబుల్ తినేస్తుంది. కేబుళ్లు కూడా షీల్డ్ ఉన్నవి, పొట్టివి వాడు.

ఈ డబ్బాతో ఇప్పుడు ఆంప్ వాల్యూమ్ నాబ్‌ని నాలుగుకో ఐదుకో తీసుకెళ్లి, డబ్బా నాబ్‌తో గది సౌండ్ దించుకో. చిన్న ట్యూబ్‌లకి ఊపిరి ఆడుతుంది, తీగ గట్టిగా మీటితే కాస్త గరుకు, మెల్లగా మీటితే శుభ్రం, ఆ తేడా వేళ్లకి దొరుకుతుంది. నువ్వు వెతుకుతున్న టోన్‌లో సగానికి పైగా ఇదే. పవర్ ట్యూబ్‌ల క్రంచ్ కాదు, ముందే చెప్పా, కానీ పీల సౌండ్ పోతుంది.

మిగతా పీలదనం ఆంప్‌ది కాదు, చెవిది. సౌండ్ తగ్గేకొద్దీ మన చెవికి బేస్ చాలా తగ్గి, పైనుండే ట్రెబుల్ కొంత తగ్గి వినిపిస్తాయి, మధ్య స్వరాలే ముందుకొస్తాయి. అమెరికాలోని బెల్ ల్యాబ్స్ పరిశోధనశాలలో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని కొలిచి గీతలు గీసి పెట్టారు. కాబట్టి స్టేజీ మీద బాగున్న సెట్టింగ్ ఇంట్లో బాగుండదు, ఇంట్లో బాగున్నది స్టేజీ మీద బొంయ్ మంటుంది. తక్కువ వాల్యూమ్‌లో బేస్ నువ్వు మామూలుగా పెట్టేదానికంటే ఒకటిన్నర రెండు అంకెలు పెంచు, మిడిల్ ఒకటి దించు, ప్రెజెన్స్ (పై ట్రెబుల్ నాబ్) కొద్దిగా పెంచు. చెవికి ఏది నచ్చితే అది, నా అంకెలు పట్టుకుని వేలాడకు.

బేస్ పెంచమన్నాడు, కింది ఫ్లాటావిడ ఊరుకుంటుందా అని నీ డౌటు. న్యాయమైన డౌటే. ఆంప్‌ని గచ్చు మీద పెట్టావంటే స్లాబే స్పీకర్ అవుతుంది, కింద వినిపించేది నీ వాయింపు కాదు, దుమ్ దుమ్ మాత్రమే. దాన్ని ఒక దిట్టమైన కుర్చీ మీద పెట్టి, కుర్చీ కాళ్ల కింద మందపాటి ఫోమ్ ముక్కలు వెయ్యి. దీంతో రెండో లాభం కూడా ఉంది. 12 అంగుళాల స్పీకర్ ట్రెబుల్‌ని టార్చిలైటులా సూటిగా ముందుకే కొడుతుంది, ఆంప్ నేల మీద ఉంటే ఆ ట్రెబుల్ అంతా నీ మోకాళ్లు వింటాయి, నువ్వు మొద్దుగా ఉందని సౌండ్ పెంచుతావు. చెవి ఎత్తుకి వస్తే తక్కువ సౌండ్‌లోనే అన్నీ వినపడతాయి. మా ఇంట్లో చాలాకాలం ఆంప్ బియ్యం డబ్బా మీదే ఉండేది, మా ఆవిడ రోజుకి రెండుసార్లు దింపించేది అనుకో, అది వేరే కథ.

ఇప్పుడు ట్యూబ్‌ల సంగతి. ఇన్‌పుట్ జాక్‌కి దగ్గరగా ఉన్న మొదటి చిన్న ట్యూబ్ 12ఏఎక్స్7. దాని యాంప్లిఫికేషన్ ఫ్యాక్టర్ (సిగ్నల్‌ని ఎంత పెంచగలదో చెప్పే అంకె) 100. అదే కాళ్ల అమరికతో తక్కువ ఫ్యాక్టర్ ఉన్నవి దొరుకుతాయి: 5751 అయితే 70, 12ఏటీ7 60, 12ఏవై7 అయితే 45 దాకా. మొదటి దాని చోట 12ఏవై7 పెడితే గెయిన్ బాగా తగ్గుతుంది, వాల్యూమ్ నాబ్ నిదానిస్తుంది, క్లీన్ సౌండ్ గుండ్రంగా వస్తుంది. 1950ల ఫెండర్ ట్వీడ్ (పైన గుడ్డ అంటించిన పాత పెట్టెలు) ఆంప్‌లు చాలావాటి మొదటి దశలో ఉండేది ఇదే. ఆంప్ ఆపి, చల్లారనిచ్చి, లాగి పెట్టడమే, నచ్చకపోతే పాతది తిరిగి పెట్టుకో. డ్రైవ్ ఛానెల్ మాత్రం నీరసపడుతుంది, అది ఎక్కువ వాడేవాడివైతే 5751తో ఆగిపో. 12ఏయూ7 పెట్టమని ఎవరో చెప్తారు, దాని ఫ్యాక్టర్ 20 దగ్గర, పెట్టి చూశా, ఆంప్ పడుకున్నట్టే ఉంటుంది. లోకల్‌గా వెతికి టైమ్ వేస్ట్ చేసుకోకు, ఈసారి బావ వచ్చేటప్పుడు తెమ్మను, అగ్గిపెట్టెలో పట్టేంత సామాను.

స్పీకర్ మార్చడం గురించి ఎవరూ మాట్లాడరు, నా ఉద్దేశంలో ఇది డబ్బుకి తగ్గ పని. 100 డెసిబెల్స్ స్పీకర్ తీసి 94 ఉన్నది పెడితే 6 డెసిబెల్స్ తగ్గుతాయి, అంటే 40 వాట్ల ఆంప్‌ని 10 వాట్లు చేసినట్టు, ఏ సర్క్యూట్ ముట్టుకోకుండా. ఎమినెన్స్ వాళ్లు మేవరిక్ లాంటి కొన్ని స్పీకర్లలో వెనక ఒక నాబ్ ఇచ్చారు, అది తిప్పితే అయస్కాంతం బలం తగ్గి సౌండ్ 9 డెసిబెల్స్ దాకా దిగుతుంది. మన దగ్గర దొరకడం కష్టం, స్పీకర్ బరువు చూస్తే బావ కూడా తేడు. ఎక్కడైనా తగిలితే మాత్రం వదలకు. ఏది కొన్నా 8 ఓమ్‌లదే కొను.

ఇక అటెన్యుయేటర్. బోస్టన్ బ్యాండ్ టామ్ షోల్జ్ 1980 ప్రాంతంలో పవర్ సోక్ అని తెచ్చినప్పటి నుంచీ ఉన్న సరుకే: ఆంప్‌కీ స్పీకర్‌కీ మధ్య కూర్చుని కరెంటుని వేడిగా మార్చి పారేస్తుంది. 6 నుంచి 10 డెసిబెల్స్ తగ్గించడానికి బాగుంటుంది, 30 తగ్గించమంటే దుప్పటి కప్పినట్టుంటుంది. ఎందుకంటే 8 ఓమ్స్ అని రాసి ఉన్నా స్పీకర్ నిజానికి ఎప్పుడూ 8 ఓమ్స్ కాదు. కింద దాని సొంత రెజొనెన్స్ దగ్గర అనేక రెట్లు పెరుగుతుంది, పైన ట్రెబుల్‌లో మళ్లీ పెరుగుతుంది. ట్యూబ్ ఆంప్ ఆ ఎగుడుదిగుళ్లకి తలొగ్గి ఆ చోట్ల ఎక్కువ వోల్టేజీ ఇస్తుంది, మనం ట్యూబ్ ఆంప్‌లో ప్రాణం ఉంది అనేది కొంత ఇదే. మధ్యలో రెసిస్టర్లు వస్తే ఆ సంభాషణ తెగిపోతుంది. కాయిళ్లు పెట్టి స్పీకర్‌లా నటించే రియాక్టివ్ రకాలు మెరుగు, ధర కూడా అలాగే ఉంటుంది.

చేసుకుంటానంటే 10 డెసిబెల్స్‌కి లెక్క ఇది: ఆంప్ నుంచి వరసలో 5.6 ఓమ్స్, ఆ తర్వాత స్పీకర్‌కి అడ్డంగా 3.9 ఓమ్స్. ఆంప్‌కి మొత్తం 8.2 ఓమ్స్ కనిపిస్తుంది, చాలు. 40 వాట్లు పోతే స్పీకర్‌కి 4 చేరతాయి, వరస రెసిస్టర్ ఒక్కటే 27 వాట్లు మింగుతుంది. ఫుల్‌గా తొక్కితే నీ ఆంప్ 40 దగ్గర ఆగదు, సైన్ వేవ్ చదునై స్క్వేర్ అయ్యేకొద్దీ 60, 70 దాకా పోతుంది. అందుకని వరసది 100 వాట్లది, రెండోది 50ది, అల్యూమినియం తొడుగు రకం, హీట్‌సింక్‌కి బిగించి వాడు. గాలిలో వేలాడదీస్తే వాటి మీద రాసిన వాట్లు ఉత్తమాట. గిటార్ కేబుల్ వాడకు, స్పీకర్ వైరే వాడు. స్పీకర్ వైపు ఏ వైరూ ఊడకుండా చూడు: లోడ్ లేకుండా ట్యూబ్ ఆంప్ వాయిస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్‌లో వేల వోల్టుల దాకా లేచి లోపలే కాలిపోవచ్చు. ట్రాన్సిస్టర్ ఆంప్‌కి షార్ట్ ప్రమాదం, ట్యూబ్ ఆంప్‌కి ఖాళీ ప్రమాదం.

మాస్టర్ వాల్యూమ్ గురించి నా సొంత తప్పు చెప్తా, నువ్వు చేయించబోయేది అదే కాబట్టి. ఫేజ్ ఇన్వర్టర్ (పవర్ ట్యూబ్‌లకి సిగ్నల్‌ని రెండుగా చీల్చి ఇచ్చే చిన్న ట్యూబ్) తర్వాత, పవర్ ట్యూబ్‌ల గ్రిడ్‌ల (ట్యూబ్‌లో కరెంటుని అదుపు చేసే భాగం) ముందు, జంట పాట్ పెట్టే రకం ఒకటుంది. సౌండ్ పరంగా మంచిదే, ఇన్వర్టర్ ట్యూబ్ గరుకుదనం కూడా కలిసొస్తుంది. నేను మొదటిసారి నా 50 వాట్ల ఆంప్‌లో, గ్రిడ్‌లకి ఉండే రెసిస్టర్లు పీకేసి వాటి చోట పాట్ పెట్టేశా. ఆరు నెలలు బ్రహ్మాండంగా నడిచింది. ఒకరోజు రిహార్సల్‌లో పాట్ లోపలి జారుడు ముక్క దుమ్ము పట్టి పట్టు తప్పింది. గ్రిడ్‌కి వెళ్లే నెగెటివ్ బయాస్ వోల్టేజీ ఆ పాట్ గుండానే పోవాలి, అది తెగేసరికి ట్యూబ్‌కి కళ్లెం పోయింది. లోపలి ప్లేట్లు పెనంలా ఎర్రగా కాగాయి, నేను స్విచ్ చేరేలోపు ట్యూబ్‌ల జత పోయింది. అప్పటి నుంచి పాట్ జారుడు కాలు నుంచి బయాస్ వైపుకి రెండు పక్కలా ఒక్కో 2.2 మెగ్ రెసిస్టర్ లేకుండా ఎవరి ఆంప్‌లోనూ పెట్టలేదు. పాట్ తెగినా గ్రిడ్ గాలిలో ఉండదు, పైసల ఖర్చు. నువ్వు ఎవరితో చేయించినా ఈ ఒక్క ప్రశ్న అడుగు, ఆ రెసిస్టర్లు ఎందుకు అన్నాడంటే ఆంప్ తీసుకుని ఇంటికొచ్చెయ్. అలాగే ఈ మాస్టర్ దించేకొద్దీ నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ (అవుట్‌పుట్ నుంచి కొంత వెనక్కి పంపే సిగ్నల్) కూడా తగ్గిపోతుంది, ప్రెజెన్స్ నాబ్ పనిచేయడం మానేసినట్టుంటుంది, అది రిపేరు కాదు. నిజం చెప్పాలంటే లూప్ ఉన్న నీ ఆంప్‌కి ఇంత శ్రమ అనవసరం, అదే పనిలో చాలా భాగం ఆ నాలుగొందల డబ్బా చేస్తుంది.

వీవీఆర్ అంటే ట్యూబ్‌లకిచ్చే హైటెన్షన్ వోల్టేజీనే మాస్ఫెట్ అనే ట్రాన్సిస్టర్‌తో తగ్గించడం. కెవిన్ ఓ'కానర్ పవర్ స్కేలింగ్ కూడా ఈ ఆలోచనే. క్యాథోడ్ బయాస్ (ట్యూబ్ తన బయాస్ తానే కుదుర్చుకునే రకం) ఉన్న చిన్న ఆంప్‌లకి చక్కగా కుదురుతుంది. నీది ఫిక్స్‌డ్ బయాస్ (బయాస్ విడిగా ఇచ్చే రకం), వోల్టేజీతోపాటు బయాస్ కూడా వెంట దిగాలి, పైగా అంతా ప్రింటెడ్ బోర్డు. వద్దు. ఇక స్టెప్‌డౌన్ ఉంది కదా అని ఇంకా తక్కువ వోల్టేజీ ఇచ్చి చూద్దాం అనుకుంటున్నావేమో, గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్ వేరియాక్‌తో (వోల్టేజీ పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) 90 వోల్టులకి దించిన కథ చదివి చాలామంది అక్కడికే పోతారు. దాంతో ట్యూబ్ హీటర్ల 6.3 వోల్టులు కూడా పడిపోతాయి, పది శాతం కంటే కిందికి పోతే ట్యూబ్ ఆయుష్షు తగ్గుతుంది. ట్యూబ్ పోతే నువ్వు బావ రాక కోసం ఎదురుచూడాలి.

ఆ స్టెప్‌డౌన్‌ని మాత్రం ఇవాళే చూడు, టోన్ కంటే ముందు అది. ఆంప్ వెనక రాసిన వాట్లకి రెట్టింపు సామర్థ్యం ఉండాలి. మీటర్ పెట్టి అవుట్‌పుట్ కొలువు, 110 నుంచి 120 మధ్య ఉంటే సరే. ముఖ్యంగా ఎర్త్. చవక డబ్బాలకి రెండు పిన్నులే ఉంటాయి, లేదా మూడో రంధ్రం ఉన్నా లోపల వైరుండదు. ఎర్త్ లేని ట్యూబ్ ఆంప్‌కి గిటార్ తగిలించుకుంటే ఎర్త్ నువ్వే. గోడ సాకెట్ ఎర్త్ నుంచి ఆంప్ ఛాసిస్ (లోపలి ఇనప చట్రం) వరకు మీటర్‌లో కంటిన్యూటీ బీప్ పలకాలి, పలకకపోతే ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆ వైరు లాగించాకే ఆన్ చెయ్యి.

ఎప్పుడైనా విప్పాల్సి వస్తే, ప్లగ్ పీకినా లోపల ఫిల్టర్ కెపాసిటర్లలో 400 వోల్టుల పైన నిలవుండొచ్చు. 10 కిలో ఓమ్‌ల, 5 వాట్ల రెసిస్టర్‌కి తొడుగున్న క్లిప్పులు కట్టి ఒక్కొక్కటీ ఖాళీ చేసి, మీటర్ 10 వోల్టుల కంటే తక్కువ చూపించాకే చెయ్యి పెట్టాలి. మా నాన్న వాల్వు రేడియోలు బాగుచేసేవాడు, నేను పక్కన కూర్చుంటే ఎప్పుడూ ఒకటే తిట్టు: ఎడం చెయ్యి జేబులో పెట్టరా. రెండు చేతులూ లోపలుంటే షాక్ గుండె మీదుగా పోతుంది, అందుకు. నాకిప్పటికీ ఆంప్ విప్పితే ఎడం చెయ్యి దానంతటదే జేబులోకి పోతుంది.

ఎవరి చేతనైనా విప్పిస్తే ఆర్78, ఆర్79 అని రాసి ఉన్న రెండు 470 ఓమ్స్, 5 వాట్ల రెసిస్టర్లు చూడమను. ఈ మోడల్‌లో అవి విపరీతంగా కాగి, కింద సోల్డర్ పగిలి, ఛానెల్ మారకపోవడమో రివర్బ్ పోవడమో జరుగుతుంటుంది. తీసి బోర్డుకి కొంచెం ఎత్తులో మళ్లీ సోల్డర్ చేస్తే చాలు. లూప్ డబ్బా కట్టాక డబ్బా నాబ్ ఎంతలో ఉంటే కింది ఫ్లాటావిడ రాలేదో అక్కడ పెన్నుతో గీత గీసుకుని, వాల్యూమ్ ఎంతలో పెట్టావో, ఏ గిటారో రాయి. అప్పటికీ పీలగానే ఉందంటే 12ఏవై7 సంగతి చూద్దాం.